మనుషులు దొరకడం లేదా, ఉన్నవాళ్ళు మనకు కనబడడం లేదా?

చిన్నటీమ్‌లీడ్:
కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. పదకొండు మంది ఉన్న టీమ్‌కి లీడ్‌ని. నాలుగు నెలలుగా మూడు ఖాళీలు అలాగే పడి ఉన్నాయి. మూడు నుంచి ఐదేళ్ళ అనుభవం ఉండాలి, చేరిన వారానికే పని అందుకోవాలి, ఇదీ పైవాళ్ళ షరతు. ఫ్రెషర్‌ని తీసుకుందామంటే "వాళ్ళు చేసే చిన్న పనులన్నీ ఇప్పుడు ఏఐ చేస్తుందిగా, వాళ్ళని కూర్చోబెట్టి ఏం చేయిస్తావ్?" అంటున్నారు. పోనీ రిజ్యూమేలు రావడం లేదా అంటే కుప్పలుగా వస్తున్నాయి, అన్నీ ఒకే చెయ్యి రాసినట్టున్నాయి, ఆ చెయ్యి ఎవరిదో మీకూ తెలుసు.

ఇది చాలదన్నట్టు, నేను కళ్ళు మూసుకుని పని అప్పగించే అమ్మాయి మొన్న రాజీనామా పేపర్ వేసేసింది. జీతం గురించేమోనని కౌంటర్ ఆఫర్ మాట్లాడబోతే కాదంది. ఆరు నెలల కిందట పక్క డిపార్ట్‌మెంట్‌లో ఖాళీ పడితే వెళ్తానని నన్నే అడిగింది. "ఈ ప్రాజెక్టు అవనీ, చూద్దాం" అన్నాను. అదే పని ఇప్పుడు బయట కంపెనీలో దొరికింది, వెళ్ళిపోతోంది. అంటే నా ఖాళీలు నాలుగయ్యాయి.

తిట్టాలనుకుంటే తిట్టండి, తర్వాత మాత్రం చెప్పండి. బయట నిజంగానే మనుషులు లేరా, మాకు వెతకడం రావడం లేదా?

పాతకాపు:
తిట్టను గానీ నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. హెచ్‌ఆర్‌లో ఇరవై రెండేళ్ళు చేశాను. "మంచివాళ్ళు దొరకడం లేదండీ" అనని మేనేజర్ని నేను చూడలేదు. ఉద్యోగాలు బోలెడున్న రోజుల్లోనూ అదే మాట, రిజ్యూమే పట్టుకుని జనం బారులు తీరిన రోజుల్లోనూ అదే మాట.

ఈ పిచ్చికి ఒక పేరుంది. 1997లో మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ వాళ్ళు 'వార్ ఫర్ టాలెంట్' (ప్రతిభ కోసం యుద్ధం) అని ఒక మాట వదిలారు. అప్పట్నుంచి మనిషిని తయారుచేసుకోవడం కన్నా పక్కవాడి దగ్గర్నుంచి లాక్కురావడమే తెలివి అన్నట్టు అయిపోయింది. ఆ మాటను నెత్తిన పెట్టుకున్న కంపెనీల్లో అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ ఒకటి. 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. దాన్ని ముంచింది దొంగ లెక్కలేగానీ తెలివైనవాళ్ళు ఎక్కువై కాదు, అది నాకూ తెలుసు. కానీ మెరికల్లాంటి వాళ్ళను పోగేస్తే సంస్థ దానంతట అదే నడుస్తుందన్న భ్రమ ఎంత దూరం తీసుకెళ్తుందో అక్కడ కనబడుతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. మీరు చేసింది మేనేజర్లలో చాలామంది చేసేదే. మంచి మనిషి చేతికి దొరికితే బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. తాళం మన దగ్గరుంటే ఏం లాభం, ఆవిడకు కాళ్ళున్నాయి కదా.

అంకెలపిచ్చి:
పాతకాపు గారి మాటకు నా వంతు అంకెలు. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో మాథ్యూ బిడ్‌వెల్ అనే ప్రొఫెసర్ ఒక ఆర్థిక సంస్థలో 2003 నుంచి 2009 దాకా ఉన్న ఉద్యోగుల రికార్డులు తిరగేసి 2011లో బయటపెట్టిన లెక్క ఇది. ఒకే రకం కుర్చీలోకి లోపలినుంచి ప్రమోషన్ మీద వచ్చినవాళ్ళతో పోలిస్తే, బయటినుంచి వచ్చినవాళ్ళకు జీతం సుమారు 18 శాతం ఎక్కువ. మొదటి రెండేళ్ళూ రేటింగులు మాత్రం తక్కువ. ఉద్యోగం ఊడే అవకాశం 61 శాతం ఎక్కువ. ఎక్కువ డబ్బు పోసి తక్కువ పని కొనుక్కోవడం అన్నమాట.

ఇంకోటి. హార్వర్డ్‌లో బోరిస్ గ్రాయ్స్‌బర్గ్ బృందం షేర్లను విశ్లేషించే 'స్టార్' ఎనలిస్టులను వెయ్యి మందికి పైగా చూసింది. కంపెనీ మారినవాళ్ళలో 46 శాతం మంది ఆ మరుసటి ఏడు తడబడ్డారు. మనిషి వచ్చాడుగానీ అతను పాతచోట ఎవరిని అడిగి పని తెలుసుకునేవాడో, ఎవరు అతని తప్పులు ముందే పట్టేవాళ్ళో, వాళ్ళు రాలేదు.

సొంతబండి:
అంకెలు బాగానే ఉన్నాయి అన్నా, ఇదే లెక్కను ఉద్యోగి వైపునుంచి చదువు. లోపలే ఉన్నవాడి కన్నా బయటినుంచి వచ్చినవాడికి 18 శాతం ఎక్కువ ఇస్తున్నారు. మరి ఎవడైనా ఎందుకుంటాడు? కంపెనీ మారితే తప్ప జీతం కదలదని నేర్పింది కంపెనీలే, నేర్చుకున్నాక "ఈ తరానికి నిలకడ లేదు" అని బాధపడేదీ వాళ్ళే.

2021లో జనం ఉద్యోగాలు వదిలేస్తుంటే 'గ్రేట్ రెజిగ్నేషన్' అని పేరు పెట్టి ఎంత గోల చేశారు! ఆ ఒక్క ఏడాదే అమెరికాలో సుమారు 4 కోట్ల 70 లక్షల రాజీనామాలు. కంపెనీలు భయపడి కనబడినవాళ్ళందరినీ తీసుకున్నాయి. ఏడాదిన్నర తిరగలేదు, 2022 నవంబర్‌లో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. తెల్లారి లేచి లాగిన్ అవబోతే అకౌంట్ తెరుచుకోక విషయం తెలుసుకున్నవాళ్ళున్నారు. నేను చూసిన కంపెనీ ఇంత పెద్దది కాదు, పేరు అనవసరం, అక్కడా తంతు అదే. అప్పట్నుంచి నా బండి నేనే తోలుకుంటున్నా. ముగ్గురు క్లయింట్లు. ఒకడు మానేస్తే ఆదాయంలో మూడో వంతే పోతుంది.

పాతకాపు:
నీ కోపం నిజమేగానీ తమ్ముడూ, నీకు ఆ ముగ్గురు క్లయింట్లు దొరికింది ఉద్యోగంలో నేర్చుకున్న పనివల్లే కదా. ఆ నేర్పేవాళ్ళే లేకపోతే నీలాంటి సొంతబండ్లు రేపు ఎక్కడినుంచి వస్తాయి?

తొలిమెట్టు:
ఇక్కడ అందరూ అనుభవం ఉన్నవాళ్ళలా ఉన్నారు, నేను మాట్లాడొచ్చో లేదో తెలీదు. చదువైపోయి పదినెలలు. 'ఎంట్రీ లెవెల్' అని రాసి ఉంటుంది, తెరిస్తే రెండేళ్ళ అనుభవం కావాలంటారు. నిన్న ఒక దరఖాస్తు పెట్టాను, నాలుగు నిమిషాల్లో రిజెక్ట్ మెయిల్ వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంటకి. ఆ టైంలో ఎవరు మేలుకుని చదివారండీ?

పైగా అసైన్‌మెంట్లు. మూడు రోజులు కూర్చుని మొత్తం అప్లికేషన్ కట్టి పంపించాను ఒకచోట. అందినట్టు కూడా జవాబు లేదు. రెండు వారాల తర్వాత నేనే మెయిల్ పెడితే "పొజిషన్ హోల్డ్‌లో ఉంది" అన్నారు. టీమ్‌లీడ్ గారూ, మీకు వచ్చే రిజ్యూమేలు ఒకేలా ఉన్నాయన్నారు. నిజమే, మేమూ ఏఐతోనే రాయిస్తున్నాం. మిషన్ చదివేదానికి మనిషి ఎందుకు రాయాలి?

చిన్నటీమ్‌లీడ్:
చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు.

అంకెలపిచ్చి:
జవాబు ఉంది, అయితే సిగ్గుపడాల్సిన జవాబు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు, యాక్సెంచర్ కలిసి 2021లో ఒక నివేదిక వేశాయి. రిజ్యూమేలు వడపోసే మా ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ పనికొచ్చే మనుషులనే తోసిపారేస్తోంది అని 88 శాతం కంపెనీలు స్వయంగా ఒప్పుకున్నాయి. ప్రకటనలో రాసిన ప్రతి షరతూ అక్షరాలా సరిపోకపోతే, లేదా మధ్యలో ఆరు నెలల ఖాళీ ఉంటే, అంతే సంగతులు. పిల్లల కోసమో పెద్దవాళ్ళ జబ్బు కోసమో ఉద్యోగం ఆపినవాళ్ళు ఇందులో ఎక్కువగా చిక్కుకుంటారు.

మిషన్‌కి పాత రికార్డులిచ్చి నువ్వే నేర్చుకో అంటే మరీ ఘోరం. అమెజాన్ ఇలాంటిదొకటి తయారుచేసి, అది మహిళల రిజ్యూమేలకు మార్కులు తగ్గిస్తోందని తెలిసి పక్కన పడేసింది, 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. పదేళ్ళుగా తీసుకున్నవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ, కాబట్టి మగవాళ్ళే మంచివాళ్ళని నేర్చుకుంది. దాన్ననడం ఎందుకు, ఉన్నదే నేర్చుకుంది.

రాత్రిషిఫ్ట్:
ఫ్రెషర్ల పని ఏఐ చేస్తుందన్న మాట దగ్గర ఆగుదాం ఒకసారి. నేను కస్టమర్ సపోర్ట్‌లో షిఫ్ట్ లీడ్‌ని, మా ఫ్లోర్‌కి ఆ సాఫ్ట్‌వేర్ వచ్చి ఏడాదిన్నర దాటింది. కస్టమర్ టైప్ చేస్తుంటే పక్కన సలహా చూపిస్తుంది. పాతవాళ్ళు దాన్ని పట్టించుకోరు, వాళ్ళకు అది కొత్తగా చెప్పేదేమీ లేదు. లాభపడింది కొత్తగా చేరినవాళ్ళే. అంతకుముందు ఐదారు నెలలకు వచ్చే పనితనం రెండు నెలలకే వచ్చేస్తోంది.

అంకెలపిచ్చి:
ఇది మీ ఒక్కరి ఫ్లోర్ మాటే కాదు. ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, మరో ఇద్దరూ కలిసి ఐదువేల పైచిలుకు సపోర్ట్ ఉద్యోగుల మీద చేసిన పరిశోధన 2023లో వచ్చింది. గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి, కొత్తవాళ్ళలో అయితే 34 శాతం. చేయి తిరిగినవాళ్ళలో తేడా దాదాపు లేదు.

ఇప్పుడు తమాషా చూడండి. అదే బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం 2025 ఆగస్టులో జీతాల చెల్లింపు రికార్డులు చూసి ఇంకోటి చెప్పింది. ఏఐ తాకిడి ఎక్కువున్న ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్ళ వాళ్ళ సంఖ్య మిగతావాళ్ళతో పోలిస్తే 13 శాతం పడిపోయింది. అంటే ఏ సాధనం కొత్తవాళ్ళకు అందరికన్నా ఎక్కువ సాయం చేస్తోందో, దాన్నే సాకుగా చూపించి కొత్తవాళ్ళకు తలుపు వేస్తున్నారు. (అంతా ఏఐ వల్లేనా అంటే వాదన ఉంది, వడ్డీ రేట్లు పెరిగి కంపెనీలు చెయ్యి బిగించింది కూడా ఈ కాలంలోనే.)

రాత్రిషిఫ్ట్:
ఇంకొక మాట, ఇది నన్ను నిద్రపోనివ్వదు. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే సలహాలు ఎక్కడివి? మా ఫ్లోర్‌లో బాగా మాట్లాడే పాతవాళ్ళ చాట్‌లు తిని నేర్చుకున్నవే. కోపంగా ఉన్న కస్టమర్‌తో ముందు తప్పు ఒప్పుకుని తర్వాత ప్రశ్న అడగాలన్నది మాలో ఒకావిడ అలవాటు, ఇప్పుడది అందరి స్క్రీన్ మీదా వస్తుంది. ఆవిడకు దానికి ఒక్క రూపాయి రాలేదు, పేరూ రాలేదు. కొత్తవాళ్ళని తీసుకోవడం మానేస్తే పదేళ్ళ తర్వాత అలాంటి అలవాటు ఎవరికి ఉంటుంది, మిషన్ ఎవరి దగ్గర నేర్చుకుంటుంది?

మనుషులు అక్కర్లేదన్నవాళ్ళ సంగతీ చూశాం. మా ఏఐ 700 మంది ఏజెంట్ల పని చేస్తోందని క్లార్నా అనే స్వీడన్ పేమెంట్ల కంపెనీ 2024లో చెప్పుకుంది, ఆ మరుసటి ఏడాదే మళ్ళీ మనుషులను తీసుకుంటాం అంది.

లేత్‌మిషన్:
సాఫ్ట్‌వేర్ వాళ్ళ గోల మధ్యలో ఒక ఫ్యాక్టరీ మనిషిని మాట్లాడనివ్వండి. మాది మెయింటెనెన్స్. మాతో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఫిట్టర్ ఒకాయన ఉండేవారు. బేరింగ్ పోబోతోందని మీటర్ చూడకుండా చప్పుడు విని చెప్పేవారు. ఆయన రిటైరయ్యే ముందు ఏడాదిపాటు పక్కన ఒక కుర్రాణ్ణి పెట్టండి అని అడిగాను. "ఒక పనికి ఇద్దరికి జీతాలా?" అన్నారు ఆఫీసులో. చివరి రెండు వారాల్లో ఆయనను కూర్చోబెట్టి "మీకు తెలిసినవన్నీ రాసిపెట్టండి" అన్నారు. ఆయన పాపం నాలుగు పేజీలు రాశారు. చప్పుడు ఎలా రాస్తారండీ?

తర్వాత లైన్ రెండుసార్లు ఆగింది. ఆగిన ఖర్చు ముందు ఆ కుర్రాడి ఏడాది జీతం ఎంత! ఇప్పుడు అనుభవం ఉన్న ఫిట్టర్ కావాలని ప్రకటన ఇస్తూనే ఉన్నారు, ఎవరూ రావడం లేదు, ఎందుకంటే చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ ఎవరికీ నేర్పకుండా అదే ప్రకటన ఇస్తున్నాయి.

మా దగ్గర డిజిటల్ సెన్సర్లు వచ్చాయి, మంచివే, తిట్టను. సెన్సర్ ఎర్రలైటు వేస్తుంది. ఎర్రలైటు వెలిగాక లోపల చెయ్యి పెట్టేవాడు కావాలిగా.

సొంతబండి:
అన్నా ఈ పోస్టు ప్రింట్ తీసి గోడకు అంటించాలి.

మధ్యవయసు:
నలభై ఎనిమిదేళ్ళ వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేనే మొదలుపెడతా. మాకు రోజూ వినబడే మంత్రం 'రీస్కిల్', అంటే కొత్త నైపుణ్యాలు నేర్చుకోమని. పోయినేడు నేను పదకొండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు చేశాను, రాత్రిళ్ళు, సొంత టైంలో. ఒక్కటి కూడా పనిలో వాడే అవకాశం ఇవ్వలేదు. నేర్చుకున్నది వాడకపోతే మూడు నెలల్లో మర్చిపోతాం, వయసుతో పనిలేదు. ట్రైనింగ్ బడ్జెట్ ఖర్చయింది, డ్యాష్‌బోర్డ్‌లో పచ్చరంగు వచ్చింది, నేను మాత్రం ఎక్కడున్నానో అక్కడే.

భయపెట్టే అంకెలు కూడా ఎక్కువైపోయాయి. 2030లో ఉండే ఉద్యోగాల్లో 85 శాతం ఇంకా పుట్టనేలేదని ప్రతి ట్రైనింగ్‌లో ఒక స్లయిడ్ ఉంటుంది. నిజమేనా అది?

అంకెలపిచ్చి:
ఆ స్లయిడ్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 2017లో డెల్ కోసం తయారైన నివేదికలోది, నిపుణులు కొందరు కూర్చుని వేసిన అంచనా. ఎవరూ ఏ లెక్కా కట్టలేదు. 2030 దగ్గరకొచ్చేసింది, చుట్టూ చూస్తే నర్సులు, డ్రైవర్లు, టీచర్లు, అకౌంటెంట్లు ఎప్పటిలాగే ఉన్నారు.

కాస్త ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేసినది కావాలంటే వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2025 జనవరి నివేదిక ఉంది. 2030కల్లా 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయి, 9 కోట్ల 20 లక్షలు పోతాయి, ముఖ్యమైన నైపుణ్యాల్లో 39 శాతం మారతాయి అంది. ఇదీ యజమానులను అడిగి రాసినదే, జరిగినది చూసి రాసినది కాదు, అది గుర్తుపెట్టుకోండి. జోస్యాల సంగతికొస్తే, 2016లో ఏఐ పితామహుల్లో ఒకడైన జెఫ్రీ హింటన్ అంతటివాడు, స్కాన్‌లు చదివే డాక్టర్లైన రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలి అన్నాడు, ఐదేళ్ళలో మిషనే బాగా చూస్తుందని. ఆ ఐదేళ్ళూ గడిచాయి, ఇంకో నాలుగేళ్ళూ గడిచాయి, రేడియాలజిస్టుల కొరత అలాగే ఉంది.

చిన్నటీమ్‌లీడ్:
చాలా నేర్చుకుంటున్నా. ఇప్పుడు పనికొచ్చే ప్రశ్న. ఫిల్టర్ నమ్మొద్దు, రిజ్యూమే నమ్మొద్దు, ఏళ్ళ అనుభవం నమ్మొద్దు, మరి దేన్ని నమ్మి తీసుకోవాలి? డిగ్రీ షరతు తీసేయమని ఒక కొలీగ్ అంటున్నాడు.

పాతకాపు:
తీసేయండి, కానీ అక్కడితో అయిపోయిందనుకోకండి. అమెరికాలో 2022లో మేరీల్యాండ్ రాష్ట్రం ప్రభుత్వ ఉద్యోగాల్లో వేలాది పోస్టులకు డిగ్రీ షరతు ఎత్తేసింది, కంపెనీలు కూడా పోటీపడి మేమూ ఎత్తేశాం అన్నాయి. తర్వాత 2024లో ఉద్యోగ మార్కెట్‌ను పరిశోధించే బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్, హార్వర్డ్ వాళ్ళు లెక్క చూస్తే, ఈ మార్పువల్ల నిజంగా లాభపడింది ప్రతి 700 నియామకాల్లో ఒక్కటి కూడా లేదు. ప్రకటనలోంచి లైన్ తీసేశారు, ఇంటర్వ్యూలో కూర్చున్న మేనేజర్ బుర్రలోంచి తీయలేదు.

నమ్మాల్సింది ఏమిటంటే, అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో అడిగి, మార్కులు ముందే అనుకున్న పద్ధతిలో వేసే ఇంటర్వ్యూ. మనుషులను ఎంచుకునే పద్ధతుల్లో ఏది పనిచేస్తుందో చూసిన 1998 నాటి పెద్ద సమీక్షలోనూ, 2022లో దాన్ని సరిదిద్దినప్పుడూ ఇది పైవరుసలోనే ఉంది. ఏళ్ళ అనుభవం రెండిట్లోనూ అడుగున ఉంది. కాఫీ తాగుతూ "మీ గురించి చెప్పండి" అని మొదలుపెట్టి నచ్చాడనుకునే ఇంటర్వ్యూలో మనం కొలిచేది మనకు నచ్చే గుణాన్ని మాత్రమే. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను, నాకు మనుషులను చూడగానే తెలుస్తుందని గర్వం కూడా ఉండేది.

రెండోది, అసలు పనిలోంచి ఒక ముక్క ఇచ్చి చేయించడం.

తొలిమెట్టు:
మూడు రోజుల ముక్క కాకుండా ఉంటే చాలు సార్.

పాతకాపు:
గంట చాలు బాబూ. గంట దాటితే డబ్బివ్వాలి. చూసినవాడు ఏం బాగుంది ఏం బాగాలేదు అని రెండు లైన్లు రాయాలి. ఏఐ వాడుకోనివ్వాలి కూడా, ఎలాగూ ఉద్యోగంలో వాడతారు. అది ఇచ్చిన జవాబులో తప్పు ఎక్కడుందో పట్టుకోగలడా లేదా, నేనైతే అదొక్కటే చూస్తా.

రాత్రిషిఫ్ట్:
వెళ్ళిపోయేవాళ్ళ గురించి ఒక మాట. మా దగ్గర ఎవరైనా పేపర్ వేశాకే ఎగ్జిట్ ఇంటర్వ్యూలో "ఎందుకు వెళ్తున్నారు" అని అడుగుతారు, అప్పుడు అడిగి ఏం లాభం? నేను నా షిఫ్ట్‌లో మూడు నెలలకోసారి "నువ్వు వెళ్ళిపోతే ఏ కారణంతో వెళ్తావ్" అని అడుగుతున్నా. మొదట్లో భయపడ్డారు. ఇప్పుడు చెప్తున్నారు. సగం కారణాలు చిన్నవి, షిఫ్ట్ మార్పిడి, వారంలో రెండు రోజులు ఇంటినుంచి పని. ఇంటినుంచి పనికి మా పైవాళ్ళు ఒప్పుకోవడానికి ఆర్థికవేత్త నిక్ బ్లూమ్ పరిశోధన చూపించాల్సి వచ్చింది, చైనా ట్రావెల్ కంపెనీ ట్రిప్ డాట్ కామ్‌లో 1,612 మంది మీద చేసినది. రెండు రోజులు ఇంటినుంచి చేసినవాళ్ళలో రాజీనామాలు మూడోవంతు తగ్గాయి, పనితీరు మాత్రం తగ్గలేదు.

మధ్యవయసు:
రేటింగులు కూడా కలుపుకోండి ఆ కారణాల్లో. పదిమందిలో ఒకణ్ణి తప్పనిసరిగా అడుగున పెట్టాలనే బెల్ కర్వ్ మా దగ్గర ఇంకా ఉంది. మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది దాన్ని. పక్కవాడు కిందకెళ్తే గానీ నేను పైకి రాని చోట, వాడికి నేనెందుకు పని నేర్పుతాను? లేత్‌మిషన్ గారి ఫిట్టర్‌లాంటివాళ్ళు మా దగ్గరా ఉన్నారు. నోరు విప్పరు, అంతే.

చిన్నటీమ్‌లీడ్:
పన్నెండు రోజులకు మళ్ళీ వస్తున్నా. ఆ అమ్మాయి ఆగలేదు, ఆగమని అడగలేదు కూడా. పోయే ముందు ఆమె పనిని టీమ్‌లో ఇద్దరికి చేసి చూపించమన్నాను, డాక్యుమెంట్ రాయించలేదు, లేత్‌మిషన్ గారి పుణ్యం. ఆ ఇద్దరిలో ఒకతను ఎప్పుడూ మాట్లాడనివాడు, మూడో రోజుకే ఆమె కన్నా బాగా ప్రశ్నలు అడుగుతున్నాడు. రెండేళ్ళుగా నా ఎదుటే కూర్చున్నాడు, నేను చూడలేదు.

నాలుగు ఖాళీల్లో ఒకదానికి పక్క డిపార్ట్‌మెంట్‌నుంచి ఒకరు అడిగారు, వాళ్ళ మేనేజర్ "ప్రాజెక్టు అవనీ" అంటున్నాడు. (నవ్వకండి.) రెండు ఫ్రెషర్ పోస్టులు అడిగితే ఒకటి ఇచ్చారు, ఆరు నెలల గడువుతో. ఆ ఆరు నెలలు నేర్పడానికి నా టైం రోజుకు గంట పోతుందని ప్లాన్‌లో రాసి పెట్టాను, లేకపోతే నేనే మొదటి వారంలో తప్పించుకుంటానని నాకు తెలుసు.

సొంతబండి:
ఆరు నెలలయ్యాక అతను వేరే కంపెనీకి వెళ్ళిపోతే?

లేత్‌మిషన్:
నేర్పకుండా ఇక్కడే ఉండిపోతే?

తొలిమెట్టు:
టీమ్‌లీడ్ గారూ, ఆ ఒక్క పోస్టుకి నేను పెట్టుకోవచ్చా? ఫారం తెరిచాను. 'అనుభవం ఎన్నేళ్ళు' అన్న గడి నింపకుండా ముందుకు వెళ్ళనివ్వడం లేదు.

చిన్నటీమ్‌లీడ్:
ఆ గడి తీసేయమని సిస్టమ్స్ వాళ్ళకి టికెట్ పెట్టి వారమైంది, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ప్రస్తుతానికి సున్నా వేసి పంపండి. వచ్చినవన్నీ నేనే తెరిచి చదువుతున్నా.